మహీంద్రా థార్ జీపు: 2017 పాతదా, 2021 కొత్త షేపా? తేల్చుకోలేక చస్తున్నా

జీడితోట_దారి:
అందరికీ నమస్తే అండి. నెల రోజుల నుంచి ఇదే గోల, ఇంట్లో కూడా విసుగెత్తిపోయారు, ఇక మీరే చెప్పాలి. మేముండేది రాజమండ్రిలో. అడ్డతీగల దాటాక మాకు కొంచెం జీడితోట ఉంది, తారు రోడ్డు దిగాక మూడు కిలోమీటర్లు మట్టిదారి, మధ్యలో ఒక వాగు, ఎండాకాలం పిక్కల దాకా ఉంటాయి నీళ్ళు, వానాకాలం సంగతి చెప్పలేం. ఇప్పుడున్న చిన్న కారు రోడ్డు పక్కన పెట్టేసి నడవడమో, ఎవరి ట్రాక్టరో ఎక్కడమో చేస్తున్నాం. నెలకి రెండు మూడు సార్లు తోటకి, మిగతా రోజులన్నీ ఊళ్ళోనే ఆఫీసు, స్కూలు, అప్పుడప్పుడు వైజాగ్.

సెకండ్స్‌లో రెండు బళ్ళు చూశా. ఒకటి 2017 సీఆర్‌డీఈ (పాత షేపు డీజిల్), 68 వేల కిలోమీటర్లు తిరిగింది, వరంగల్ బండి, ఒకే ఓనర్, ఆయన గుడ్డ టాప్ తీసేసి ఫైబర్ టాప్ వేయించాడు, ముందు పెద్ద ఇనప బంపర్ కూడా. రెండోది 2021 ఎల్ఎక్స్ (కొత్త షేపులో పై వేరియంట్) డీజిల్ మాన్యువల్, హార్డ్ టాప్, 41 వేలు. రేటులో తేడా మూడు లక్షల పైనే. మనసు మాత్రం పాతదాని మీదే ఉంది, చిన్నప్పుడు మా తాతగారి ఊళ్ళో జీపు వెనక వేలాడుతూ తిరిగినవాణ్ణి, ఆ ముఖం చూస్తేనే ఏదో అయిపోతుంది. కొత్తది బాగుంది గానీ కారు లాగా ఉంది. ఏది తీసుకోమంటారు? అన్నట్టు మాకు నాలుగేళ్ళ పాప.

పాత_గేదె:
తమ్ముడూ నా దగ్గర 2016 సీఆర్‌డీఈ ఉంది కాబట్టి నేను న్యాయంగా చెప్తానని అనుకోకు, ఐనా చెప్తా. ఆ 2.5 లీటర్ ఇంజన్ 105 హార్స్‌పవరే, కాగితం మీద చూస్తే ఏముందిలే అనిపిస్తుంది, కానీ 247 ఎన్ఎమ్ టార్క్, అంటే లాగే బలం, రెండు వేల ఆర్‌పీఎం లోపే వచ్చేస్తుంది, ఫోర్ లో (నాలుగు చక్రాలకీ పవర్, నెమ్మదిగా గట్టిగా లాగే గేర్) వేసి ఫస్ట్ గేర్‌లో క్లచ్ వదిలేసి యాక్సిలేటర్ మీద కాలు కూడా పెట్టకుండా రాళ్ళ మీద నుంచి ఎద్దుబండి లాగా పోతుంది చూడు, అది అనుభవిస్తే గానీ తెలీదు. 2015 ఫేస్‌లిఫ్ట్ తర్వాతి సీఆర్‌డీఈ కాబట్టి వెనక యాక్సిల్‌కి మెకానికల్ లాకింగ్ డిఫరెన్షియల్ ఉండాలి, ఒక చక్రం జారితే రెండిటినీ కలిపి తిప్పేది. ఒక చక్రం గాల్లో తిరుగుతుంటే కంగారుపడి కాలు తీసేస్తారు చాలామంది, తీయకూడదు, కాస్త తిరగనివ్వాలి, అప్పుడు టక్‌మని పట్టుకుంటుంది, రెండో చక్రం తోస్తుంది.

నేను చేసిన వెధవ పని కూడా చెప్తా. కొన్న కొత్తలో మారేడుమిల్లి దగ్గర ఒక వాగులోకి టూ హెచ్‌లోనే, అంటే వెనక రెండు చక్రాలకే పవర్ ఉండగా, దిగిపోయా, జీపు కదా ఏమౌతుందిలే అని. మధ్యలో ఇసకలో కూరుకుపోయింది, అప్పుడు ఫోర్ లో వేద్దామంటే లివర్ పడట్లేదు, కంగారులో న్యూట్రల్ చేయకుండానే లాగుతున్నా. ఒడ్డున ఒక తాత బీడీ కాల్చుకుంటూ అంతా చూసి "బండికి నాలుగు కాళ్ళు ఉన్నాయని కొన్నావు, రెండిటితో దిగావేంది బాబూ" అన్నాడు. ట్రాక్టర్ వచ్చి లాగింది. బండి తప్పేం లేదు, నాదే. వాగుకి ముందే ఒడ్డు మీద ఆగి ఫోర్‌లో వేసుకోవాలి, ఏ థార్ కొన్నా ఇది గుర్తుపెట్టుకో.

హైవే మీద మాత్రం 80 దాటితే రేడియో ఎందుకు పెట్టామా అనిపిస్తుంది. నాకు అలవాటైపోయింది.

ఇద్దరుపిల్లల_నాన్న:
అసలు విషయం చివర్లో "అన్నట్టు" అని రాశారు చూడండి, నేనైతే అక్కడి నుంచే మొదలుపెడతా. 2017 దాంట్లో ఎయిర్‌బ్యాగ్ లేదు, ఏబీఎస్ (గట్టిగా బ్రేక్ వేసినా చక్రాలు బిగుసుకోకుండా చూసేది) లేదు. ఆ షేపులో ఏబీఎస్ వచ్చింది ఆఖర్న 2019లో తీసిన బళ్ళకే, వాటికీ ఎయిర్‌బ్యాగుల్లేవు. వెనక సీట్లు ఎదురెదురు బెంచీలు, పాప సీటు అక్కడ కట్టడానికి లేదు, పక్కకి తిరిగి కూర్చునే సీటు మీద చైల్డ్ సీటు పెట్టనే కూడదు. మరి పాపని ఎక్కడ కూర్చోబెడతారు, ఒళ్ళోనా? స్కూలుకి రోజూ పోయే బండి అని మీరే రాశారు.

2020లో వచ్చిన కొత్త షేపులో, మీరు చూసిన ఎల్ఎక్స్‌కి, వెనక సీట్లు ముందుకు చూస్తాయి, పాప సీటు తగిలించే ఐసోఫిక్స్ ఉంది, బళ్ళ భద్రత పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ 2020లో గుద్ది చూసి పెద్దలకీ పిల్లలకీ నాలుగేసి స్టార్లు ఇచ్చింది. బండి తిరగబడకుండా చూసే ఈఎస్‌పీ కూడా ఉంది, కానీ అది అన్ని వేరియంట్లకీ లేదు, మీరు చూసిన బండికి ఉందో లేదో స్విచ్ చూసి కనుక్కోండి. ఇంత ఎత్తు బండికి అది చిన్న విషయం కాదు. పాత_గేదె అన్నా, మీ మీద కోపం లేదు, మీ ఇంట్లో పిల్లలు పెద్దాళ్ళయిపోయారు.

పాత_గేదె:
నిజమే, మావాడు ఇంజనీరింగ్. ఆ పాయింట్ నేను చూడలేదు.

కమాన్_కట్ట:
రెండు బళ్ళ కిందా పడుకుని పని చేసినవాణ్ణి. రెండిటికీ ముందు సస్పెన్షన్ ఇండిపెండెంటే, అంటే ఏ చక్రానికి ఆ చక్రం విడిగా ఆడుతుంది, అసలు తేడా వెనక. పాతదానికి కమాన్ కట్టలు (వంపు ఇనప పట్టీలు), 2020 దానికి కాయిల్ స్ప్రింగులు. కమాన్ పట్టీ విరిగితే రంపచోడవరంలో కూడా ఎవడో ఒకడు వేసిపెడతాడు, అది నిజం. కానీ ఖాళీ బండి గుంతలో పడితే వెనక కూర్చున్నోడి తల టాపుకి తగుల్తది, అదీ నిజమే. కొత్తది గుంతల్ని మింగుతుంది కానీ మూల తిరిగేటప్పుడు కొంచెం ఊగుతుంది. గ్రౌండ్ క్లియరెన్స్ పాతది 200 ఎంఎం, కొత్తది 226. నీళ్ళలో 650 ఎంఎం దాకా అని కంపెనీ కొత్తదానికి చెప్తుంది, అంటే దాదాపు తొడల దాకా, అట్లా అని పారే నీళ్ళలోకి దిగమని కాదు, నిలవ నీళ్ళు వేరు, వరద వేరు.

పాతది చూడ్డానికి పోతే ఇంజన్ శబ్దం వినడం తర్వాత, ముందు నేల మీద మ్యాట్లు ఎత్తి చూడు. గుడ్డ టాప్ బండి కదా, ఏళ్ళ తరబడి లోపలికి నీళ్ళు దిగుతాయి, మ్యాట్ కింద చెమ్మ నిలబడి తుప్పు పట్టి ఉంటది. వేలితో కాదు, స్క్రూడ్రైవర్ వెనక భాగంతో కొట్టు, ఠంగుమంటే రేకు, డబ్‌మంటే పెయింట్ కింద పుట్టీ. ఫైబర్ టాప్ వేయించాడు అన్నావ్, ఎక్కడ డ్రిల్ చేశాడో ఆ బెజ్జాల చుట్టూ చూడు. తర్వాత మట్టి మీదకి తీసుకుపోయి ఫోర్ హై, ఫోర్ లో రెండూ వేసి ముందుకీ వెనక్కీ నడుపు. తారు రోడ్డు మీద వేసి చూపిస్తానంటే వద్దను, రెండు తరాల్లోనూ ఇది పార్ట్‌టైమ్ ఫోర్ వీలే, ముందు వెనక చక్రాల వేగం తేడాని సర్దే డిఫరెన్షియల్ మధ్యలో లేదు, పొడి రోడ్డు మీద తిప్పితే గేర్లు బిగుసుకుంటాయి. చాలామంది ఓనర్లు ఫోర్ వీల్ ఏళ్ళ తరబడి వాడనే వాడరు, కొన్నాక మొదటిసారి వేస్తే పడదు.

కొత్తదాని సంగతి ఒక్క మాట. బీఎస్6 (కొత్త పొగ రూల్) డీజిల్ ఏదైనా పొగ గొట్టంలో డీపీఎఫ్ ఉంటది, మసి పట్టుకునే జల్లెడ. రోజూ రెండు కిలోమీటర్లు స్కూలుకీ ఆఫీసుకీ మాత్రమే తిప్పితే అది కాలి శుభ్రపడే వేడి రాదు, లైటు వెలుగుతుంది. వారానికోసారి హైవే ఎక్కించి అరగంట ఏకబిగిన తోలు, చాలు. మీకు తోట ప్రయాణం ఉంది కాబట్టి సరిపోతుంది. పాత ఇంజన్‌కి ఈ గొడవ లేదు.

ఊరికే_చదువుతా:
ఇవన్నీ ఎందుకు, థార్ రాక్స్ తీసుకోండి, ఐదు డోర్లు.

కమాన్_కట్ట:
బడ్జెట్ చదివావా బాబూ. 2024 ఆగస్టులో వచ్చిన బండి, సెకండ్స్‌లో ఆ రేటుకి ఎవడిస్తాడు. పైగా వీల్‌బేస్ (ముందు వెనక చక్రాల మధ్య దూరం) 2850 ఎంఎం, మూడు డోర్లది 2450, సన్న మట్టిదారిలో మలుపు తిప్పుకోవాలంటే పొట్టిదే సుఖం.

ఆర్సీ_గొడవ:
కాగితాల వైపు ఎవరూ చూడట్లేదు. తెలంగాణ బండి ఏపీలో పెట్టుకుంటే అక్కడి ఆర్టీఏ నుంచి ఎన్‌వోసీ, అంటే అభ్యంతరం లేదనే కాగితం, తేవాలి, ఫారం 28. తర్వాత 29, 30 మీద ఓనర్ మార్పు, ఇక్కడ బండి వయసుని బట్టి మళ్ళీ లైఫ్ ట్యాక్స్. వేరే స్టేట్‌లో పన్నెండు నెలలు దాటి ఉంచాలంటే నంబర్ మార్చుకోవాల్సిందే, ఎవరూ అడగరులే అని ఉంచేస్తారు, అమ్మేటప్పుడు ఏడుస్తారు. ఆ ట్యాక్స్ లెక్కేశాక మీరన్న మూడు లక్షల తేడా ఎంత మిగులుతుందో చూసుకోండి. 2017 బండి కాబట్టి రిజిస్ట్రేషన్ 2032తో అయిపోతుంది, ఆ తర్వాత ఫిట్‌నెస్ చేయించి ఐదేళ్ళకోసారి రెన్యువల్.

ఇక ఆ ఇనప బంపర్. 2017 డిసెంబర్‌లోనే కేంద్రం వాటి మీద చర్య తీసుకోమని రాష్ట్రాలకి రాసింది. కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్ మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఆర్సీలో సాఫ్ట్ టాప్ అని ఉండి బండి మీద ఫైబర్ టాప్ ఉంటే రేపు ఇన్సూరెన్స్ క్లెయిమ్‌లో అదే పట్టుకుంటారు. కొంటే గనక పాత టాపూ దాని రాడ్లూ ఓనర్ దగ్గర ఉన్నాయో లేవో అడిగి అవి కూడా తెచ్చుకోండి.

జీడితోట_దారి:
అందరికీ థాంక్స్ అండి, ఆలస్యం అయింది, ఆదివారం వరంగల్ వెళ్ళొచ్చాం, మా బావమరిది, నేను, ఒక స్క్రూడ్రైవర్. ఓనర్ మంచాయన, టీ ఇచ్చాడు, బండి కడిగి మెరిపించి పెట్టాడు. స్టార్ట్ చేయగానే ఆ శబ్దానికి నా పని అయిపోయింది నిజంగా, అక్కడే అడ్వాన్స్ ఇచ్చేసేవాణ్ణి. మావాడు ఆగమని డ్రైవర్ పక్క మ్యాట్ ఎత్తాడు. కొట్టాడు. డబ్. ఇంకో చోట, మళ్ళీ డబ్. ఫైబర్ టాప్ బిగించినోడు బోల్టుల చుట్టూ సీలెంట్ పెట్టలేదట, నీళ్ళు అటు నుంచే కారి సీటు కింద చేరాయి. ఓనర్‌కే తెలీదు పాపం, ఆయన ముఖం చూడలేకపోయా. పాత టాపు ఎప్పుడో పాతసామాన్ల వాడికి ఇచ్చేశాడట. ఫోర్ లో మాత్రం చక్కగా పడింది, అదే బాధ.

నిన్న 2021ది మళ్ళీ తోలాం, ఈఎస్‌పీ స్విచ్ ఉంది. పాప సీటు వెనక క్లిక్‌మని పడింది. ఇబ్బందులు లేకపోలేదు, వెనక అద్దాలు దిగవు, ఏసీ గాలి వెనక్కి తక్కువ వస్తుంది, మా అత్తగారు ముందు సీటు వంచి వెనక్కి ఎక్కడానికి చాలాసేపు పట్టింది, దిగేటప్పుడు ఇక నేను ఎక్కను అని తేల్చేశారు. వెనక సీట్లు ఉంటే సామాను జాగా కూడా రెండు బస్తాలకి మించి లేదు. ఐనా ఇదే ఖాయం చేశాం, ఎన్‌వోసీ గొడవ కూడా లేదు, కాకినాడ బండి.

పాత_గేదె అన్నా, మీ బండి ఎప్పుడైనా అమ్మాలనుకుంటే ముందు నాకే చెప్పండి.

పాత_గేదె:
అమ్మను గానీ తోటకి పిలువు, వస్తా. లాగే తాడు కొన్నావా లేదా? నైలాన్‌ది కొను, కొక్కేలున్నది వద్దు, తెగితే కొక్కెం వచ్చి మొహానికి తగుల్తుంది. తాడు బండికి తగిలించే డీ షాకిల్స్ రెండు నా దగ్గర ఎక్స్‌ట్రా ఉన్నాయి, పట్టుకొస్తా.