2024 ఎన్నికల ముందు లేబర్ పార్టీ క్యాపిటల్ గెయిన్స్ ట్యాక్స్ గురించి మాట ఇచ్చిందా?

బ్రిటన్ లేబర్ పార్టీ డబ్బున్నవాళ్ల విషయంలో ఎలా మారిందో రాద్దామని రెండు వారాలుగా కుస్తీ పడుతున్నాను. 2019 మేనిఫెస్టోలో 80 వేల పౌండ్లు దాటిన ఆదాయంపై పన్ను పెంచుతామని నేరుగా రాశారు. 2024లో ఆదాయపు పన్ను రేట్లు, నేషనల్ ఇన్సూరెన్స్ (పెన్షన్ల వంటి వాటి కోసం జీతాల మీద వసూలు చేసే చందా), వ్యాట్ పెంచబోమన్నారు, ప్రైవేట్ స్కూల్ ఫీజులపై మాత్రం వ్యాట్ వేస్తామన్నారు. రెండూ ప్రింట్ తీసి పెన్సిల్‌తో గీతలు పెట్టుకుంటూ చదివాను, షేర్ల లాంటి ఆస్తులు అమ్మితే వచ్చే లాభంపై పన్ను, అంటే క్యాపిటల్ గెయిన్స్ ట్యాక్స్, పెంచబోమన్న హామీ ఎక్కడా కనబడలేదు. గెలిచాక అక్టోబర్ 30 బడ్జెట్‌లో ఆ పన్ను పై రేటును 20 నుంచి 24 శాతం చేశారు. మాట తప్పారని తప్పుగా రాయడం నాకిష్టం లేదు.

జులై 4 పోలింగ్‌కు ముందు, షేర్ల లాభాలపై పన్ను పెంచబోమని అప్పటి పార్టీ నేత స్టార్మర్ గానీ, అప్పట్లో పార్టీ తరఫున ఆర్థిక వ్యవహారాలు చూసిన రేచల్ రీవ్స్ గానీ ఖచ్చితంగా చెప్పిన ఇంటర్వ్యూ ఏదైనా మీకు తెలుసా?