అప్‌డేట్: షాపులో అబద్ధం చెప్పమంటే ఏం చేయాలి అని అడిగాను కదా

గుర్తుంది కదా, గుంటూరులో చీరల షాపులో సేల్స్‌లో ఉన్నాను, మిక్స్ చీరను (సింథటిక్ దారం కలిసినదాన్ని) ప్యూర్ పట్టు అని చెప్పమంటున్నారు, క్రైస్తవుడిగా ఏం చేయాలని అడిగాను. ఎక్కువమంది "ఉద్యోగం మానేయండి" అన్నారు. మానలేదు. ఇంటి అద్దె, పాప ఫీజు ఉన్నాయి మరి.

ఒకరు మాత్రం బైబిల్లో మత్తయి 5:37 చూడమన్నారు, అవునంటే అవును, కాదంటే కాదు. సరేనని మొన్న శనివారం పెళ్లి బట్టలకు వచ్చిన ఒక పెద్దావిడ "ఇది ప్యూరేనా బాబూ?" అంటే, "కాదమ్మా, మిక్స్" అనేశాను. చేతులు వణికాయి. చీర అంచున రెండు పోగులు లాగి వెలిగించి చూపించాను. పట్టయితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ల మధ్య నలిగిపోతుంది. ఇది కరిగి చిన్న గట్టి పూసలా అయింది. ఆవిడ ఆ చీర వదిలేసి, అసలు పట్టు అని తెలిపే సిల్క్ మార్క్ లేబుల్ ఉన్నది ఒక్కటే తీసుకున్నారు. మిగతావి వేరే చోట కొన్నారేమో.

ఓనర్ గారు గట్టిగానే అరిచారు. "అబద్ధం నాతో చెప్పించకండి సార్, మిక్స్ అని చెప్పి కూడా అమ్మి చూపిస్తా" అన్నాను. ప్రస్తుతానికి నన్ను కాటన్ సెక్షన్‌కు మార్చారు. కమీషన్ తక్కువ.

ఇంకో సంగతి. ఇంట్లో మా ఆవిడ "జీతం కట్ అయిందా?" అని అడిగితే "లేదులే" అన్నాను. షాపులో అంత చేసి ఇంట్లో ఇదీ నా సత్యం! రాత్రి నిద్ర పట్టక లేపి మరీ చెప్పాను.