మొలలకు స్టెరాయిడ్, మత్తుమందు కలిసిన ఆయింట్‌మెంట్ వాడినవారు అనుభవం చెప్పండి

మగ్గంనీడ:
అందరికీ నమస్కారం. నేను చేనేత పనివాడిని. పొద్దస్తమానం గుంట మగ్గం మీద కూర్చోవాలి. మొలలు చాలాకాలంగా ఉన్నాయి. అప్పుడప్పుడు రక్తం పడేది కానీ నొప్పి ఉండేది కాదు. ఈమధ్య మాత్రం విరేచనానికి వెళ్ళాలంటేనే భయం వేస్తోంది. మందుల కొట్టులో ఒక ట్యూబు ఇచ్చారు. దాని మీద లిగ్నోకేయిన్, హైడ్రోకార్టిసోన్, జింక్ ఆక్సైడ్, అలంటాయిన్ అని రాసి ఉంది. రాసిన కాసేపటికి నొప్పి తగ్గి, కొన్ని గంటలకు మళ్ళీ మొదలవుతోంది. దీన్ని ఎన్నాళ్ళు వాడవచ్చు? ఎలా రాయాలి?

రాత్రిబస్సు:
అన్నా, నేను దూరప్రాంత బస్సు నడుపుతాను, మీ బాధ నాకు బాగా తెలుసు. నాకు మలద్వారం పక్కన నీలంగా గట్టి గడ్డ వచ్చింది. రక్తం గడ్డకట్టిన బయటి మొల అని డాక్టరు గారు చెప్పారు. ఇలాంటి ఆయింట్‌మెంటే రాశారు. ముందు వెడల్పాటి తొట్టిలో గోరువెచ్చని నీళ్ళు పోసుకుని పది పదిహేను నిమిషాలు కూర్చోవాలి. తర్వాత మెత్తని గుడ్డతో అద్దుకోవాలి, రుద్దకూడదు. ఆపైన వేలి కొనకు కొద్దిగా తీసుకుని పలచగా రాయాలి. ఉదయం విరేచనం అయ్యాక ఒకసారి, రాత్రి పడుకునే ముందు ఒకసారి రాశాను. వేడినీళ్ళు లేకుండా ఉత్త మందు రాసిన రోజుల్లో సగం ఉపశమనం కూడా కలగలేదు. రాశాక చేతులు సబ్బుతో కడుక్కోండి, ఆ చేత్తో కళ్ళు తుడుచుకోవద్దు.

మందులకొట్టు:
నేను ఫార్మసిస్టును. ట్యూబులో ఏది ఏం చేస్తుందో చెబుతాను. లిగ్నోకేయిన్, అంటే లిడోకేయిన్, ఆ చోట నరాలకు నొప్పి తెలియకుండా చేస్తుంది. కొన్ని నిమిషాల్లోనే పనిచేస్తుంది, కొన్ని గంటల్లో దాని ప్రభావం పోతుంది. మీకు నొప్పి తిరిగి రావడానికి కారణం అదే. హైడ్రోకార్టిసోన్ స్టెరాయిడ్. వాపును, దురదను అణచడానికి దానికి ఒకటి రెండు రోజులైనా పడుతుంది. జింక్ ఆక్సైడ్ చర్మం మీద పొరలా నిలిచి తడి, ఒరపిడి తగలకుండా కాపాడుతుంది. కొన్ని ట్యూబుల్లో హైడ్రోకార్టిసోన్‌కు బదులు అంతకంటే బలమైన బెక్లోమెథాసోన్, రక్తనాళాలను కుదించే ఫినైలెఫ్రిన్ ఉంటాయి. రక్తపోటు, గుండె జబ్బు ఉన్నవారు అలాంటివి డాక్టరును అడిగాకే వాడాలి. ఇవేవీ మొలను మాయం చేయవు. ఆ నాలుగు రోజుల బాధను దాటిస్తాయి, అంతే. సాధారణంగా వారం మించి వాడకూడదు.

ఇంకొక మాట. 2018లో కేంద్ర ప్రభుత్వం చాలా స్టెరాయిడ్ పూత మందులను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన జాబితాలోకి తెచ్చింది. పైపూత మందే కదా అని తేలిగ్గా తీసుకోవద్దు.

వేపకొమ్మ:
వారం మాట అందరూ గుర్తుంచుకోండి. మా నాన్నగారికి షుగరు ఉంది. దురద తగ్గుతోందని ఒకే రకం ట్యూబును నెలల తరబడి తెప్పించుకుని రాశారు. ఆపిన ప్రతిసారీ దురద ఇంకా ఎక్కువగా వచ్చేది. చివరికి చర్మవ్యాధుల డాక్టరు చూసి, అక్కడ చర్మం పలచబడిందని, తామర తొడల దాకా పాకిందని చెప్పారు. స్టెరాయిడ్ దురదను అణుస్తుంది కానీ తామరను పెంచుతుందట. నయం కావడానికి చాలా కాలం పట్టింది. మనిషి ఎంత నలిగిపోయారో చూశాను కాబట్టి చెబుతున్నాను.

ఎడిసన్‌వాసి:
నేను న్యూజెర్సీలో ఉంటాను. ఇక్కడ 5 శాతం లిడోకేయిన్, 1 శాతం హైడ్రోకార్టిసోన్ చీటీ లేకుండానే దొరుకుతాయి. అయినా డబ్బా మీద 7 రోజుల్లో తగ్గకపోతే, లేదా రక్తం పడితే డాక్టరును కలవమని రాసి ఉంటుంది.

చంటిబిడ్డఅమ్మ:
ఆడవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే వారి కోసం రాస్తున్నాను. కాన్పు తర్వాత నాకు మొలలు బయటికి వచ్చాయి. కూర్చుని పాలివ్వలేక ఏడ్చేదాన్ని. ఎవరితోనైనా చెప్పుకోవాలంటే సిగ్గు. చివరికి మా అత్తయ్యగారే కనిపెట్టి డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళారు. ఆవిడ పరీక్ష చేసి, పాలిచ్చే తల్లికి ఏ ఆయింట్‌మెంట్ సరిపోతుందో చూసి, కొద్ది రోజులకే రాశారు. రక్తహీనతకు వేసుకునే ఐరన్ మాత్రల వల్ల మలబద్ధకం పెరుగుతుందని అప్పుడే తెలిసింది. మాత్ర మార్చారు, మలం మెత్తబడే మందు ఇచ్చారు. నాకు ఎక్కువ మేలు చేసింది అదే. గర్భంతో ఉన్నవారు మాత్రం పక్కింటివాళ్ళ ట్యూబు తీసుకుని రాయకండి.

మగ్గంనీడ:
చాలా కృతజ్ఞతలు. ఒక సంగతి వివరంగా చెప్పలేదు. విరేచనం అవుతున్నప్పుడు కత్తితో కోసినట్టు ఉంటుంది. తర్వాత రెండు మూడు గంటలు మంట. గడ్డలాంటిది ఏమీ చేతికి తగలడం లేదు.

ఊరిడాక్టరు:
మీరు ఇప్పుడు చెప్పింది చాలా ముఖ్యం. లోపలి మొలలు పుట్టే చోట మనకు నొప్పి తెలియదు. అందుకే అవి నొప్పి లేకుండా రక్తం కారుస్తాయి. అందుకే మొల రాలిపోయేలా దాని మొదట్లో రబ్బరు బ్యాండు బిగించే చికిత్స చేసినా రోగి తట్టుకోగలడు. కోసినట్టు నొప్పి, ఆ తర్వాత గంటల తరబడి మంట ఉన్నాయంటే ఫిషర్, అంటే మలద్వారం దగ్గర చీలిక, అయి ఉండవచ్చని ముందుగా అనుమానించాలి. చూడకుండా తేల్చి చెప్పలేను. చీలికే అయితే బిగుసుకున్న కండరాన్ని సడలించే డిల్టియాజెమ్ వంటి పూత మందు కావాలి. స్టెరాయిడ్ ట్యూబుతో పైపైన ఉపశమనం కలుగుతుంది కానీ చీలిక మానదు. చీము, జ్వరం ఉంటే స్టెరాయిడ్ అసలు రాయవద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.

మీకు ఇదివరకు పడిన రక్తం గురించి కూడా పరీక్ష చేసే డాక్టరుకు చెప్పండి. మొలలే అనుకుని ఏళ్ళు గడిపాక పెద్దపేగు క్యాన్సర్ బయటపడినవారు ఉన్నారు. వయసు నలభై దాటినా, బరువు తగ్గుతున్నా, ఇంట్లో ఎవరికైనా పేగు క్యాన్సర్ వచ్చి ఉన్నా పరీక్షను వాయిదా వేయకండి. ఒక ఇంజెక్షన్‌తో మొలలు పోగొడతామని బోర్డులు పెట్టే అర్హత లేనివారి దగ్గరికి దయచేసి వెళ్ళవద్దు. వాళ్ళ చేతుల్లో మలద్వారం మూసుకుపోయినంతగా కుంచించుకున్నవారికి వైద్యం చేశాను.

రాత్రిబస్సు:
డాక్టరు గారూ, నాలాగా గడ్డ వచ్చినవారు ఎన్ని రోజుల్లో రావాలి?

ఊరిడాక్టరు:
మొదటి రెండు మూడు రోజులే నొప్పి తీవ్రంగా ఉంటుంది. భరించలేనంతగా ఉంటే ఆ మూడు రోజుల్లోపే రండి, చిన్న కోతతో తీసేయవచ్చు. అది దాటితే నొప్పి దానంతటదే తగ్గుముఖం పడుతుంది. అప్పుడు వేడినీళ్ళు, పూత మందు చాలు.

మగ్గంనీడ:
ప్రభుత్వ ఆసుపత్రిలో సర్జన్ గారిని కలిశాను. చీలికేనని చెప్పారు, లోపల చిన్న మొలలు కూడా ఉన్నాయట. పాత ట్యూబు ఆపించి డిల్టియాజెమ్ పూత రాశారు. రాత్రి ఇసబ్‌గోల్ పొట్టు నిండు గ్లాసు నీళ్ళతో తాగమన్నారు, నీళ్ళు తక్కువైతే అదే మలాన్ని గట్టిపరుస్తుందని హెచ్చరించారు. రక్తం సంగతి చెబితే పేగు పరీక్షకు తేదీ ఇచ్చారు. కొత్త మందు రాస్తే కాస్త తలనొప్పి వస్తోంది, ఇది మామూలేనా?

మందులకొట్టు:
కొందరికి వస్తుంది. రాసేటప్పుడు చేతికి తొడుగు వేసుకోండి, చెప్పిన దానికంటే ఎక్కువ రాయకండి. కూర్చుని లేచేటప్పుడు కళ్ళు తిరిగితే మాత్రం ఆ సర్జన్ గారికే చెప్పండి. తలనొప్పి తగ్గిందో లేదో రేపు ఇక్కడ రాయండి.