"మీరు అసలైన యూదులు కాదు" అని చర్చా పేజీలో రాస్తే ఏం చెయ్యాలి?

మద్దిలపాలెం కుర్రాడు:

అందరికీ నమస్కారం. ఎవరైనా రాసి దిద్దగలిగే ఆన్‌లైన్ తెలుగు విజ్ఞాన సర్వస్వానికి రాసేవాళ్ళం విశాఖలో ఓ పదిమందిమి ఉన్నాం, నెలకో ఆదివారం ద్వారకానగర్ పౌర గ్రంథాలయం దగ్గర కలుస్తుంటాం. ఈ విషయం అక్కడే మొదలైంది. నాలుగు రోజులుగా ఇదే టెన్షన్, అందుకే ఇక్కడ పెడుతున్నా.

రెండు నెలల క్రితం ఒక అమ్మాయి కొత్తగా వచ్చింది. గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ చదువుకుంటోంది, వాళ్ళ బంధువులు బెనె ఎఫ్రాయిం సమాజం వాళ్ళు. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా, చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడుతూ యూదుల ఆచారాలు పాటించే కుటుంబాలు ఉన్నాయి, 1991లో ప్రార్థనా మందిరం ఏర్పాటు చేసుకున్నారు, తాము ఇశ్రాయేలు పన్నెండు గోత్రాల్లో ఎఫ్రాయిము గోత్రం వాళ్ళమని చెప్తారు. వాళ్ళ గురించిన వ్యాసం మన దగ్గర ఐదు లైన్ల మొలకగా, అంటే మొదలుపెట్టి వదిలేసిన చిన్న వ్యాసంగా పడి ఉంది. నేనే ఆ అమ్మాయికి ఖాతా తెరిపించి, ప్రయోగశాల అనే సాధన పేజీలో రాయడం చూపించి, నీకు తెలిసిన సంగతే కదా దీంతోనే మొదలుపెట్టు అన్నాను.

శనివారం ఎలా పాటిస్తారు, పెసఖ్ (పస్కా) పండుగకి ఇంట్లో ఏం చేస్తారు, ప్రార్థనలో ఏ మాటలు తెలుగులో ఉంటాయి, ఇలా ఓ మూడు పేరాలు రాసింది. మర్నాటికి ఒక సీనియర్ ఎడిటర్ మొత్తం తిరగ్గొట్టారు, అంటే రాసిందంతా తీసేసి పాత వ్యాసమే వెనక్కి పెట్టారు. అంతవరకూ పర్లేదు, కానీ వ్యాసం గురించి ఎడిటర్లు మాట్లాడుకునే చర్చా పేజీలో ఏం రాశారంటే, మీరు అసలైన యూదులు కాదు, ఇజ్రాయెల్ వెళ్ళిపోవడానికి మతం మార్చుకున్నవాళ్ళు, అని రాసి వాళ్ళ కులం పేరు పెట్టి ఇంకో మాట కూడా అన్నారు. ఆ మాట నేనిక్కడ రాయను.

నాకు ఒళ్ళు మండిపోయింది. అమ్మాయి రాసింది మూడుసార్లు వెనక్కి పెట్టాను, ఆయన మూడుసార్లు తీసేశారు. చివరికి నేను "మీది హిట్లర్ బుద్ధి" అని రాశాను. నిర్వాహకులు వచ్చి ఇద్దరికీ ఒకే హెచ్చరిక పెట్టి ఎవరూ మార్చకుండా పేజీకి తాళం వేశారు. అమ్మాయి మళ్ళీ లాగిన్ అవ్వలేదు. మొన్న ఆదివారం కూడా రాలేదు.

నేను చేసింది తప్పేనా? ఆయన అన్నదీ నేను అన్నదీ ఒకటేనా? ఇప్పుడేం చెయ్యాలి?

ఉక్కునగరం:

తమ్ముడూ, ముందు నీ సంగతి. "హిట్లర్ బుద్ధి" అన్న వాక్యం ఈ రోజే కొట్టెయ్. తీసెయ్యకు, కనిపించేలా గీత కొట్టి కింద క్షమాపణ రాయి. అరవై లక్షల మంది యూదుల్ని చంపించిన మనిషి పేరు ఒక దిద్దుబాటు గొడవలో తిట్టుగా వాడితే ఆ పేరుకున్న బరువు పోతుంది, అదీ యూదుల గురించిన వ్యాసం చర్చా పేజీలో. పైగా నువ్వు ఆ మాట అనగానే అవతలి ఆయన అన్న మాట పక్కకిపోయి, మీ ఇద్దరి గొడవ మిగిలింది. హెచ్చరిక ఇద్దరికీ సమానంగా రావడానికి కారణం అదే.

అలాగని రెండూ ఒకటి కాదు. నువ్వు కోపంలో ఒక మనిషిని తిట్టావు. ఆయన ఒక మనిషి పుట్టుకని పట్టుకుని, నువ్వు ఈ వ్యాసం రాయడానికి పనికిరావన్నారు. కులం పేరుతో అన్నారంటే అది కేసు దాకా వెళ్ళగలిగే మాట. వీటిని ఒకే గాటన కట్టడం నిర్వాహకుల పొరపాటు, ఆ మాట నేను వాళ్ళకే చెప్తాను.

ఫిర్యాదు రాసేటప్పుడు విశేషణాలు వద్దు. ఫలానా తేదీ, ఫలానా దిద్దుబాటు, ఆయన రాసిన వాక్యం, దాని లింకు, అంతే. "కుల దురహంకారి", "యూదు వ్యతిరేకి" లాంటి మాటలు నువ్వు రాస్తే వాళ్ళు ఆ మాటల మీద వాదిస్తారు, ఆయన రాసిన వాక్యం మీద కాదు. ఆ కులం మాట పేజీ చరిత్రలో ఉండిపోతుంది కాబట్టి ఆ కూర్పును (ఆ మాట ఉన్న పాత ప్రతిని) దాచమని కూడా అడుగు, నిర్వాహకులకి ఆ అధికారం ఉంది.

ఇంకొక్కటి. ఆ అమ్మాయిని అడిగావా? అడగకుండా ఆవిడ తరఫున ఫిర్యాదు పెట్టకు. పేరు బయటికొస్తే ఇంటి దగ్గర ఏం మాట పడాలో ఆవిడకే తెలుసు. తిట్టు పడింది ఆవిడ, ఎంతవరకు లాగాలో చెప్పాల్సింది కూడా ఆవిడే.

పాత దిద్దుబాటుదారు:

నేను కొంచెం వేరేగా చెప్తాను, కోపం తెచ్చుకోవద్దు. ఆ కులం మాట తప్పు, దానికి శిక్ష పడాలి, అందులో వాదన లేదు. కానీ ఆ మూడు పేరాలకి మూలం ఒక్కటైనా ఉందా? "మా బంధువులు ఇలా చేస్తారు" అన్నది మూలం కాదు. సొంత సమాజం గురించి రాసేటప్పుడు ఎవరికైనా ఈ చిక్కు వస్తుంది, నా ఊరి గుడి గురించి నేను రాసినా ఇదే మాట అంటారు, అన్నారు కూడా. ఆయన మర్యాదగా తిరగ్గొట్టి మూలాలు అడిగి ఉంటే నేను ఆయన పక్షానే ఉండేవాణ్ణి. ఆయన వేల దిద్దుబాట్లు చేసిన మనిషి, ఉత్తరాంధ్ర ఊళ్ళ వ్యాసాల్లో సగం ఆయన చెయ్యి పడినవే. అది కూడా చూడాలి.

సీతమ్మధార నుంచి:

మూలం ఉందండీ. బెనె ఎఫ్రాయిం మీద యూలియా ఎగోరోవా, షాహిద్ పర్వేజ్ అనే ఇద్దరు పరిశోధకులు ఆ ఊళ్ళో ఉండి రాసిన పుస్తకాన్ని 2013లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ ప్రచురించింది. వాళ్ళ మాదిగ నేపథ్యం, అంతకుముందు క్రైస్తవులుగా ఉండటం, గొడ్డుమాంసం తినే అలవాటుని సైతం ఇశ్రాయేలు వారసత్వానికి గుర్తుగా చెప్పుకోవడం, అన్నీ అందులో చర్చించారు. కులం ప్రస్తావన వ్యాసంలో ఉండొచ్చు, ఉండాలి కూడా. పరిశోధకులు ఒక సమాజం చరిత్రగా రాసిన మాట వేరు, ఒక ఎడిటర్ ఎదుటి మనిషి మొహాన కొట్టిన మాట వేరు.

నాకు బాధ కలిగించింది "అసలైన" అన్న మాట. భారతదేశంలో ఏ యూదు సమాజమైనా ఈ ప్రశ్న ఎదుర్కోకుండా లేదు. కొంకణ తీరంలో బెనె ఇజ్రాయెల్ వాళ్ళున్నారు, నూనె గానుగలు ఆడించేవాళ్ళు, శనివారం గానుగ ఆపేస్తారు కాబట్టి చుట్టుపక్కల వాళ్ళు "శనివార్ తేలీ", అంటే శనివారపు గానుగవాళ్ళు, అనేవాళ్ళు. తరతరాలు శనివారం పాటించిన ఆ మనుషులు ఇజ్రాయెల్ వెళ్ళాక, వాళ్ళతో పెళ్ళిళ్ళు చెయ్యాలంటే వంశం సంగతి తేలాలని అక్కడి రబ్బీలు, అంటే యూదు మతగురువులు, అభ్యంతరం పెట్టారు. వాళ్ళు వీధుల్లోకొచ్చి పోరాడితే 1964లో గానీ మిగతా యూదులతో అన్ని విధాలా సమానమే అన్న ప్రకటన రాలేదు. కొచ్చిలో ఇంకో కథ. మట్టాంచేరిలో 1568లో కట్టిన పరదేశి సినగాగ్ (యూదుల ప్రార్థనా మందిరం) చూడటానికి మన వాళ్ళు కూడా టూరుకి వెళ్తారు కదా, ఆ సినగాగ్‌లోనే దాసుల సంతతి అని కొందరు యూదుల్ని సమానంగా కూర్చోనిచ్చేవాళ్ళు కాదు. ఎ.బి. సేలం అనే లాయరు, ఆయన కూడా ఆ వర్గం మనిషే, అక్కడ సత్యాగ్రహం చేశారు, అందుకే ఆయన్ని "యూదు గాంధీ" అంటారు. మిజోరం, మణిపూర్‌లో బెనె మెనాషె వాళ్ళని ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీల్లో ఒకరు 2005లో తప్పిపోయిన గోత్రపు సంతతిగా ఒప్పుకున్నారు, అయినా మతస్వీకారం లాంఛనంగా చెయ్యాల్సిందే. అలాంటి గుర్తింపు మన గుంటూరు వాళ్ళకి రాలేదు.

ఇవన్నీ ఎందుకు చెప్తున్నానంటే, వ్యాసంలో రాయాల్సింది సరిగ్గా ఇదే: వాళ్ళు ఏమంటున్నారు, పరిశోధకులు ఏమంటున్నారు, ఇజ్రాయెల్ మతాధికారులు ఏం చేశారు. "ఎఫ్రాయిము గోత్రం వాళ్ళు" అని ఖాయంగా రాయకూడదు, "ఎఫ్రాయిము గోత్రం వాళ్ళమని చెప్తారు" అని రాయాలి. "తామంతట తామే యూదులమని ప్రచారం చేసుకుంటున్న" అని కూడా రాయకూడదు, ఆ వాక్యం చదవగానే దొంగలన్నట్టు ఉంటుంది. యూదులా కాదా తేల్చడానికి మనం రబ్బీలం కాదు.

గాజువాక:

పైన మేడం గారు బాగా చెప్పారు. మాది బాప్టిస్టు కుటుంబం, నేను కూడా ఈ వ్యాసాల్లో తప్పులు చేశాను కాబట్టి రాస్తున్నా.

"మతం మార్చుకున్నవాళ్ళు యూదులు కారు" అని ఆ సీనియర్ గారు అన్నది యూదుల ధర్మం ప్రకారమే తప్పు. తల్లి యూదురాలైతే పిల్లలు యూదులు, నిజమే, కానీ పద్ధతి ప్రకారం మతం స్వీకరించినవాళ్ళు కూడా పూర్తిగా యూదులే. బైబిల్లో రూతు మోయాబు స్త్రీ, పుట్టుకతో ఇశ్రాయేలీయురాలు కాదు. దావీదు రాజు తాతని కన్న తల్లి ఆవిడే.

మన తెలుగులో ఇంకో చిక్కు ఉంది. యూదుల గురించి మనకి తెలిసిన మాటలన్నీ తెలుగు బైబిల్ నుంచి, చర్చి ప్రసంగాల నుంచి వచ్చినవే. నేను మూడేళ్ళ క్రితం పరిసయ్యులు అనే ప్రాచీన యూదు వర్గం గురించి రాస్తూ "వేషధారులైన మతపెద్దలు" అని మొదటి వాక్యంలోనే పెట్టేశాను, ఎందుకంటే చిన్నప్పటి నుంచి విన్నది అదే. రోమన్లు 70వ సంవత్సరంలో యెరూషలేము దేవాలయం కూల్చేశాక యూదు మతం నిలబడింది ఆ పరిసయ్యుల సంప్రదాయం మీదే అని తర్వాత చదివి తెలుసుకున్నా, వెళ్ళి మార్చాను. "పాత నిబంధన" అన్న పేరు కూడా క్రైస్తవులది, యూదులకి అది పాతదీ కాదు, దానికి కొత్తదీ లేదు. వాళ్ళ వ్యాసంలో హీబ్రూ బైబిల్ అనో తనఖ్ అనో రాయాలి. యెహోవా అన్న పేరు మనం పాటల్లో పాడతాం, వాళ్ళు నోటితో పలకరు, అదొనాయ్ (ప్రభువు) అంటారు. కాబట్టి యూదుల ప్రార్థన గురించిన పేరాలో "యెహోవాను స్తుతిస్తారు" అని రాస్తే అది మన చర్చి నుంచి రాసినట్టు ఉంటుంది. అందుకే ఆ అమ్మాయి లాంటి వాళ్ళు మనకి కావాలి.

అలాగే ఇశ్రాయేలీయులు, యూదులు, ఇజ్రాయెల్ పౌరులు, ఈ మూడింటినీ కలిపేస్తున్నారు. ఇజ్రాయెల్ పౌరుల్లో ఐదోవంతు దాకా అరబ్బులు ఉన్నారు. 2023 అక్టోబరు తర్వాత ఎక్కడ "యూదు" అన్న మాట కనిపిస్తే అక్కడ గాజా గురించి ఒక వాక్యం అతికించడం చూశాను, కొచ్చి యూదుల వ్యాసంలో కూడా. గాజాలో చనిపోయినవాళ్ళ గురించి రాయాలి, దాని వ్యాసంలో పూర్తిగా రాయాలి. కొచ్చి సినగాగ్‌కి దాంతో ఏం సంబంధం?

పాత దిద్దుబాటుదారు:

ఆ పుస్తకం సంగతి నాకు తెలియదు, థ్యాంక్స్ అండీ. ఇంగ్లీష్ వికీపీడియాలో అరబ్-ఇజ్రాయెల్ ఘర్షణ వ్యాసాలు రాయాలంటే ఖాతాకి 30 రోజులు, 500 దిద్దుబాట్లు ఉండాలి, 24 గంటల్లో ఒక్కసారే తిరగ్గొట్టాలి. అలాంటిది మన దగ్గరా పెడితే ఈ గోల ఉండదు కదా?

ఉక్కునగరం:

పెడితే ముందు బయట ఆగిపోయేది ఆ అమ్మాయే. వేల దిద్దుబాట్లు ఉన్న ఆయన లోపలే ఉంటారు. అక్కడ వేలమంది చూస్తుంటారు కాబట్టి వడపోత కావాలి. మన దగ్గర ఒక వ్యాసాన్ని వీక్షణ జాబితాలో పెట్టుకుని మార్పులు గమనించేవాళ్ళు ఇద్దరుంటే గొప్ప.

"సీనియర్" అన్న మాట మీద కూడా చెప్పాలి. ఇంగ్లీష్ వికీపీడియాలో, పోలండ్‌లో నాజీలు నడిపిన వార్సా నిర్బంధ శిబిరం వ్యాసంలో, అక్కడ గ్యాస్ గదుల్లో రెండు లక్షల మందిని, ఎక్కువగా పోలండ్ వాళ్ళని చంపారని ఒక కల్పిత కథ దాదాపు 15 ఏళ్ళు ఉండిపోయింది. 2019లో ఇజ్రాయెల్ పత్రిక హారెట్జ్ రాస్తే గానీ బయటికి రాలేదు. 2023లో గ్రబోవ్‌స్కీ, క్లైన్ అనే ఇద్దరు చరిత్రకారులు పోలండ్ యూదుల మీద జరిగిన మారణకాండ వ్యాసాల్ని కొందరు ఎడిటర్లు ఏళ్ళ తరబడి ఎలా వంచారో పరిశోధన వ్యాసం రాశారు, ఆ ఏడాదే అక్కడి మధ్యవర్తిత్వ కమిటీ విచారించి కొందరిని ఆ అంశం మీద రాయకుండా నిషేధించింది. కొత్తవాళ్ళు కాదు వాళ్ళు. నియమాలన్నీ కంఠతా వచ్చినవాళ్ళు. మన ఆయన అలాంటివారని నేను అనడం లేదు, ఆయనతో కలిసి సింహాచలం వ్యాసం మీద పని చేశాను, మంచి పనిమంతుడు. కానీ ఎన్ని ఊళ్ళ వ్యాసాలు రాసినా ఒక అమ్మాయిని కులం పేరుతో అనే హక్కు రాదు.

మద్దిలపాలెం కుర్రాడు:

మాస్టారూ, మీరు చెప్పినట్టే గీత కొట్టి క్షమాపణ రాశాను. రాయడానికి గంట పట్టింది, మొదట రాసిన దాంట్లో "కానీ" అని ఉంది, తీసేశాను.

నిన్న సాయంత్రం ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. ఆ కులం మాట దాచేస్తే చాలు, ఫిర్యాదు వద్దు, పేరు ఎక్కడా రావద్దంది. నాకు మనసొప్పలేదు గానీ, ఆవిడ మాటే నిలబెడతాను. కూర్పు దాచమని మాత్రమే అడిగాను, ఈ రోజు పొద్దున దాచేశారు. ఆ సీనియర్ గారు చర్చా పేజీలో "విషయం మీద మాత్రమే మాట్లాడి ఉండాల్సింది" అని ఒక లైను రాశారు. అది ఆవిడకి సరిపోతుందో లేదో నాకు తెలియదు, నాకైతే సరిపోలేదు.

సీతమ్మధార మేడం, ఆ పుస్తకం ఆంధ్రా యూనివర్సిటీ లైబ్రరీలో ఉందేమో రేపు వెళ్ళి అడుగుతాను. దొరికితే ఆ మూడు పేరాల్లో ప్రతి వాక్యానికీ పేజీ నంబరు చూసి, లేనివి పక్కన పెట్టి, ఉన్నవి మళ్ళీ రాస్తాం. "రాస్తాం" అని ఎందుకన్నానంటే, ఫోన్ పెట్టేసే ముందు ఆ అమ్మాయి ఒకటి అడిగింది: పెసఖ్ పేరాలో పులియని రొట్టె ఎలా చేస్తారో నేను రాసింది మా అమ్మమ్మ చెప్పింది, దానికి పుస్తకంలో పేజీ దొరక్కపోతే ఏం చెయ్యాలి అని. దీనికి నా దగ్గర జవాబు లేదు. ఎవరికైనా తెలిస్తే చెప్పండి, ఆదివారం లోపు ఆవిడకి చెప్పాలి.

సీతమ్మధార నుంచి:

ఆ వాక్యం వ్యాసంలో పెట్టలేం బాబూ. అమ్మమ్మ గారు ఒప్పుకుంటే రొట్టె చేస్తుండగా ఫొటోలు తీయమను, మొహం కనపడక్కర్లేదు, చేతులు చాలు. ఆ ఫొటోలు స్వేచ్ఛా లైసెన్సుతో, అంటే ఎవరైనా వాడుకోవచ్చన్న అనుమతితో, ఎక్కిస్తే వ్యాసంలో పెట్టుకోవచ్చు, కింద "పెసఖ్ కోసం పులియని రొట్టె చేస్తున్న దృశ్యం" అని రాయొచ్చు. ఆదివారం నేనూ వస్తాను, ఎక్కించడం పక్కన కూర్చుని చూపిస్తాను.