చదవడం, రాయడం రాని పెద్దలకు ఇంగ్లీషు నేర్పే ఉపాధ్యాయులకు శిక్షణ ఎలా ఇవ్వాలి?

ప్రశ్న (సెయింట్ పాల్, మిన్నెసోటా)

అందరికీ నమస్కారం. మా కేంద్రంలో పెద్దలకు ఇంగ్లీషు నేర్పే స్వచ్ఛంద ఉపాధ్యాయుల బాధ్యత నేను చూస్తున్నాను. తరగతికి వచ్చేవారిలో ఎక్కువమంది శరణార్థి శిబిరాల్లో ఏళ్ల తరబడి గడిపి వచ్చిన సోమాలీ మహిళలు, బర్మాకు చెందిన కరెన్ జాతి మహిళలు. వీరిలో చాలామంది ఏ భాషలోనూ బడి ముఖం చూడలేదు. పిల్లల దగ్గరికి వచ్చి స్థిరపడిన మన తెలుగు పెద్దవాళ్లు కూడా కొందరు ఉన్నారు. నేర్పేవారికి చదువూ ఓపికా ఉన్నాయి గానీ, వారికి తెలిసిన పద్ధతి పుస్తకం తెరిచి, బోర్డు మీద రాసి, ఖాళీలు పూరింపజేయడమే. ఒక రోజు శిక్షణ ఏర్పాటు చేస్తే ఆనాడు ఎంతో ఉత్సాహంగా పాల్గొంటారు. రెండు వారాలు తిరిగేసరికి మళ్లీ అవే వర్క్‌షీట్లు పంచుతారు. ఉన్న కొద్ది సమయంలో వారికి ముందుగా ఏమి నేర్పాలి? నేర్చుకున్నది తరగతిలో నిలబడేలా ఎలా చూడాలి?

జవాబు 1

మీ తరగతిలో ఒకే మెట్టు మీద కూర్చున్నట్టు కనిపించేవారి అవసరాలు ఒకటి కావండి. తెలుగు దినపత్రిక చదివే పెద్దాయనకు గుర్తులు శబ్దాలను సూచిస్తాయని తెలుసు, పంక్తి ఎటు నుంచి ఎటు సాగుతుందో తెలుసు. ఆయనకు కావలసింది కొత్త లిపి మాత్రమే. ఎన్నడూ చదవని మహిళ ఆ మూల భావననే, అదీ తనకింకా మాట్లాడడం రాని భాషలో, నేర్చుకోవలసి వస్తోంది. తెలుగువారిలోనూ సంతకానికి మించి రాయనివారు ఉంటారు కాబట్టి, జాతిని బట్టి ఊహించకుండా ప్రతి ఒక్కరి చదువు సంగతీ మర్యాదగా అడిగి తెలుసుకోవడం శిక్షణలో మొదటి పాఠం కావాలి.

రెండవది, అక్షరజ్ఞానం మనిషికి ఏమి ఇస్తుందో ఉపాధ్యాయుడికి తెలియాలి. చదువు రాని పెద్దలు ఒక మాటలోని మొదటి హల్లును విడదీసి పలకలేకపోతున్నారనీ, పెద్దయ్యాక చదువు నేర్చుకున్నవారు ఆ పని చేయగలుగుతున్నారనీ 1979లో పోర్చుగల్‌లో జరిపిన ఒక ప్రసిద్ధ పరిశోధన చూపింది. అంటే ‘ఈ మాట ఏ శబ్దంతో మొదలవుతుంది?’ అన్నప్పుడు ఆమె మౌనంగా ఉంటే అది తెలివితక్కువతనం కానే కాదు. ఆ విడదీసే నైపుణ్యం చదువుతో పాటే వస్తుంది. గీతల బొమ్మలను గుర్తించడం కూడా ఇలా అలవాటుతో వచ్చేదే. అందుకే వర్క్‌షీటులోని చిన్న బొమ్మకు బదులు నిజమైన ఉల్లిపాయను, నిజమైన బస్సు పాసును బల్ల మీద పెట్టమని చెప్పండి.

నోటికి రాని మాటను కంటితో చదివించకూడదన్నది మూడవ సూత్రం. అందరూ కలిసి కూరగాయల దుకాణానికి వెళ్లి వచ్చి, చూసినదాన్ని తమకు వచ్చిన ఇంగ్లీషులో చెబితే, ఉపాధ్యాయుడు ఆ వాక్యాలనే రాసి చదివించాలి; అందులోంచి ‘బస్’ అనే మాటను తీసి, దాని మొదటి అక్షరాన్నీ శబ్దాన్నీ చూపి, అదే శబ్దంతో మొదలయ్యే తెలిసిన మాటలను పలికించి, తిరిగి మొత్తం కథకు రావాలి.

ఇక నిలబడడం గురించి. ఒక రోజు శిక్షణ నిలబడకపోవడానికి కారణం ఉపాధ్యాయుల అశ్రద్ధ కాదు. విన్నదాన్ని తరగతిలో ప్రయత్నించి, అది కుదరనప్పుడు ఎవరితోనైనా చర్చించే అవకాశం లేకపోవడమే. కొన్ని వారాల ఎడంతో నలుగురైదుగురు కలిసి, ఒక చిన్న వ్యాసం చదివి, ఒక పద్ధతిని తరగతిలో వాడి చూసి, మళ్లీ వచ్చి మాట్లాడుకునే అధ్యయన బృందం చాలా మేలు చేస్తుంది. మీ ఊళ్లోనే హామ్లిన్ విశ్వవిద్యాలయంలోని అట్లాస్ (ATLAS) అనే, వయోజన విద్య ఉపాధ్యాయులకు తోడ్పడే సంస్థ ఇలాంటి బృందాలు నడిపింది; వారిని సంప్రదించండి. చదువు అంతగా లేని పెద్దలు రెండవ భాషనూ అక్షరాలనూ నేర్చుకోవడం గురించే జరిగే లెస్లా (LESLLA) సదస్సులు 2005లో నెదర్లాండ్స్‌లోని టిల్‌బర్గ్‌లో మొదలయ్యాయి. అందులో పరిశోధకులూ ఉపాధ్యాయులూ కలిసి కూర్చుంటారు.

జవాబు 2

పై జవాబుతో ఏకీభవిస్తూ ఒక్క విషయం చేరుస్తాను. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా అక్షరాస్యతా ఉద్యమంలో నేను ఒక కార్యకర్తను. మా వాచకంలో సారా వల్ల చితికిపోయిన సంసారాన్ని చెప్పే ‘సీతమ్మ కథ’ ఉండేది. అది తమ కథే కాబట్టి ఆడవాళ్లు పట్టుదలగా చదివారు, చర్చించారు. దూబగుంటలో సారా వ్యతిరేక ఉద్యమం అక్కడి నుంచే రాజుకుంది. అయితే నేర్పేవారికీ నేర్చుకునేవారికీ భాష ఒకటే కావడం మాకున్న పెద్ద బలం. మీ ఉపాధ్యాయులకు అది లేదు కాబట్టి, ఆ సమాజాల నుంచే సోమాలీ, కరెన్ భాషలు తెలిసినవారిని సహాయకులుగా తీసుకుని, శిక్షణలో కూడా ఉపాధ్యాయులతో సమానంగా కూర్చోబెట్టండి. సోమాలీకి 1972 నుంచి లాటిన్ లిపినే అధికారికంగా వాడుతున్నారు. ముందు సొంత భాషలో నాలుగు మాటలు చదవగలిగిన సోమాలీ మహిళకు ఇంగ్లీషు అక్షరాలు అపరిచితంగా ఉండవు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఇంకొక సందేహం. అభ్యాసకుల పరీక్షా ఫలితాలు నెలల తరబడి కదలకపోవడంతో మా ఉపాధ్యాయులు నిరాశపడుతున్నారు. దీనికి ఏమి చేయాలి?

జవాబు 3

ఉద్యోగ శిక్షణకూ వయోజన విద్యకూ సంబంధించిన 2014 నాటి అమెరికా శ్రామికశక్తి చట్టం (WIOA) కింద ఫెడరల్ నిధులు పొందే కార్యక్రమాలు అభ్యాసకుల ప్రగతిని నివేదించాలి. ఇందుకు స్థాయి పరీక్షలను విస్తృతంగా వాడతారు. అక్షరాలతోనే మొదలుపెట్టినవారి తొలి నెలల ప్రగతి ఆ పరీక్షల్లో సరిగా కనిపించదు. అందువల్ల ప్రగతిని తామే గమనించి నమోదు చేయడం కూడా శిక్షణలో భాగం కావాలని నా గట్టి అభిప్రాయం. కలం పట్టు కుదిరిందా, తన పేరును జాబితాలో వెతికి పట్టుకుందా, క్లినిక్ ఫారంలో పుట్టిన తేదీ ఎక్కడ రాయాలో చూపిందా అన్నవి నెలకొకసారి ఒక్కొక్కరి పేరు మీద తేదీ వేసి రాసుకోమనండి. అధ్యయన బృందం కలిసినప్పుడు ముందుగా ఆ కాగితాలే చూడండి. తరువాతి నెల ఏ పద్ధతిని ప్రయత్నించాలో వాటిని బట్టి నిర్ణయించుకోవచ్చు.