ప్రచురణ సంస్థ మునగలేదు, తేలనూ లేదు. ఇంకెన్నాళ్లు?

అడిగింది: గోదాము తాళం

అందరికీ నమస్కారం. కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఏమనుకోకండి. మాది చిన్న ప్రచురణ సంస్థ. నేను, నా భాగస్వామి, అప్పుడప్పుడు వచ్చి డీటీపీ చేసిపెట్టే ఒకమ్మాయి, అంతే జనం. జాబితాలో 41 పుస్తకాలున్నాయి. నాలుగేళ్ల కిందట గట్టి దెబ్బ తిన్నాం. ఒక డిస్ట్రిబ్యూటర్ (పేరు వద్దులెండి) ఎనిమిది నెలల బాకీ పెట్టి దుకాణం ఎత్తేశాడు, అదే ఏడాది కాగితం ధర మండిపోయింది, మేమేమో అంతకు ముందే ఒకేసారి ఆరు పుస్తకాలు వెయ్యేసి ప్రతులు అచ్చేసుకుని కూర్చున్నాం. చివరిది అచ్చంగా మా తప్పే. ఒక పుస్తకం బాగా పోయేసరికి మిగతావీ అలాగే పోతాయనుకున్నాం.

మూసేయకుండా నెట్టుకొచ్చాం. ప్రింటర్ బాకీలో మూడింట రెండొంతులు తీరింది. ఏడాదికి ఎనిమిది కొత్త పుస్తకాలు వేసేవాళ్లం, ఇప్పుడు రెండే. అమ్మకాలు పెరుగుతున్నాయి కానీ నత్తనడక. ఒక నెల కళకళలాడుతుంది, తర్వాత రెండు నెలలు ఫోన్ కూడా మోగదు. మొన్న అచ్చు కొట్టు నుంచి ‘ఈ నెల సంగతేంటి’ అని మెసేజ్ వస్తే, చూసి ఫోన్ బోర్లా పెట్టేశాను. అలాంటి పని చేసే మనిషిని కాదు నేను.

ఇంట్లో ‘ఇంకా ఎన్నాళ్లు’ అంటున్నారు. నా దగ్గర జవాబు లేదు. ఇది ఓపికా, ఓడిపోయానని ఒప్పుకోలేని మొండితనమా? ఈ దారిలో నడిచినవాళ్లు ఎలా తేల్చుకున్నారో చెప్పండి.

—

పాత ప్రూఫు:

నాదీ ఇదే కథ. కిందపడ్డాక లేవడానికి ఆరేళ్లు పట్టింది, అందులో మొదటి రెండేళ్లు నేను ఓపిక అనుకున్నది నిజానికి భయం. కొత్త పుస్తకం వేయాలంటే భయం, బాకీ అడగాలంటే మొహమాటం, గోదాములోకి వెళ్లాలంటే నీరసం. ఏమీ చేయకుండా కూర్చుని ‘రోజులు మారతాయి’ అనుకునేవాణ్ని.

ముందు గోదాములోకి వెళ్లి లెక్కపెట్టండి. కంప్యూటర్‌లో ఉన్న అంకె కాదు, చేత్తో. నేను ఒక ఆదివారం కట్టలు విప్పుతూ కూర్చున్నాను. 180 ఉన్నాయనుకున్న పుస్తకం 60 తేలింది, అందులో అడుగు కట్టకి చెమ్మ తగిలి కవర్లు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. 40 ఉన్నాయనుకున్న ఇంకో పుస్తకం 300 పైన కనబడింది, రిటర్న్‌లో వచ్చిన అట్టపెట్టెలు ఎవరూ విప్పకుండా గోడవార పడేశారు. ఆ పుస్తకం కావాలని అడిగినవాళ్లకి ఏడాదిన్నరగా లేదని చెబుతున్నాం!

రెండోది, పంపినదాన్ని అమ్మకంగా రాసుకోవడం మానేయండి. దుకాణానికి 100 ప్రతులు వెళ్లాయంటే అవి దుకాణంలో ఉన్నాయని మాత్రమే అర్థం. అమ్ముడుపోనివి తిప్పి పంపుకోవచ్చనే పద్ధతి అమెరికాలో 1930ల మాంద్యంలో పుట్టింది, భయపడుతున్న దుకాణాల చేత సరుకు తీసుకునేలా చేయడానికి ప్రచురణకర్తలే తెచ్చిపెట్టుకున్నది. మాంద్యం పోయింది, పద్ధతి మాత్రం ఉండిపోయింది. అరువు మీద పంపుతాం, మూడు నాలుగు నెలలకి డబ్బు రావాలి, దాని బదులు మూలలు నలిగిన పుస్తకాలు వస్తాయి. మీరన్న కళకళలాడే నెల పంపిన నెలా, డబ్బు చేతికొచ్చిన నెలా చూడండి. నా లెక్కల పుస్తకాల్లో రెండూ కలిసిపోయి ఉండేవి, విడదీసి రాశాక కడుపులో తిప్పింది.

మూడోది అచ్చు సంఖ్య. ఆఫ్‌సెట్‌లో, అంటే పేజీలకి ప్లేట్లు చేసి మిషను మీద వేసే మామూలు అచ్చులో, ప్లేట్ల ఖర్చు, మిషను సర్దుబాటులో పోయే కాగితం 300 ప్రతులకైనా 1000 ప్రతులకైనా దాదాపు ఒకటే, అందుకే ఎక్కువ వేస్తే ఒక్కో ప్రతి చవగ్గా కనబడుతుంది. మనందరం పడే గుంట ఇదే. 1000 వేసి 350 అమ్మితే, ఆ 350 మీదే మొత్తం ఖర్చు పడుతుంది, చవక ఎక్కడుంది? ఇప్పుడు డిజిటల్ ప్రింటింగ్‌లో ప్లేట్ల గొడవ లేదు, 50 కావాలంటే 50 వేస్తారు. ప్రతికి ఎక్కువే పడుతుంది, లాభం సన్నబడుతుంది, కానీ డబ్బు గోదాములో పడి నిద్రపోదు. కోలుకుంటున్నప్పుడు లాభం శాతం కంటే చేతిలో ఆడే డబ్బు ముఖ్యం. ఇది ఒప్పుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది, ఒక్కో ప్రతికి ఎంత పడుతుందో గొప్పగా చెప్పుకునే అలవాటు ఉండేది.

ఫోన్ బోర్లా పెట్టారన్నారు కదా, అదొక్కటీ చేయకండి. ప్రింటర్ భయపడేది బాకీకి కాదు, జవాబు రాకపోవడానికి. చిన్న మొత్తమైనా ఫలానా తేదీ అని మీరే ముందు చెప్పి, ఆ తేదీకి కట్టండి. నేను ఒకసారి కట్టలేక రెండు రోజుల ముందే వెళ్లి చెప్పాను. ఆయన తిట్టాడు, తర్వాత టీ తెప్పించాడు, ఆ నెల పునర్ముద్రణ ఆపలేదు.

—

బండి చక్రం:

ధైర్యంగా ఉండండి. మార్క్ ట్వెయిన్ అంతటివాడి ప్రచురణ సంస్థ 1894లో దివాలా తీసింది. చట్టప్రకారం మొత్తం కట్టాల్సిన పని లేకపోయినా ప్రపంచమంతా తిరిగి ఉపన్యాసాలిచ్చి, 1898 కల్లా పైసాతో సహా తీర్చేశాడు. పట్టుదల అంటే అదీ.

—

లెక్కల పిచ్చి:

బండి చక్రం గారూ, ఉదాహరణ బాగుంది కానీ ఇక్కడ పనికిరాదండి. ఆయన అప్పులు తీర్చాడు, నిజమే. కానీ సంస్థ బతకలేదు కదా. అదీ కాక ఆయనకి టికెట్ కొని వినడానికొచ్చే జనం ఉన్నారు, అప్పులవాళ్లతో మాట్లాడి వ్యవహారం చక్కబెట్టిన కోటీశ్వరుడు స్నేహితుడు ఉన్నాడు. పైగా అచ్చు అక్షరాలు పేర్చే ఒక యంత్రం మీద ఏళ్ల తరబడి ఓపిగ్గా డబ్బు పోశాడు, మునగడానికి అదీ ఒక పెద్ద కారణం. అక్కడ ఓపిక లేకుండా ఉంటే బాగుపడేవాడు.

గోదాము తాళం గారూ, నేను లెక్కలు చూసే మనిషిని, పుస్తకాల సంగతి అంతగా తెలియదు. ఒక కాగితం మీద రాబోయే 13 వారాలు గీసుకోండి. ఏ వారం ఎంత వస్తుంది, ఎంత పోతుంది. ‘వస్తుందేమో’ అన్నది రాయకండి, గతంలో టైముకి కట్టినవాడి దగ్గర్నుంచి రావాల్సిందే రాయండి. ప్రతి సోమవారం ఒక వారం కొట్టేసి చివర ఇంకోటి కలపండి. మీకు ఇప్పుడున్న టెన్షన్‌లో సగం డబ్బు లేకపోవడం వల్ల కాదు, ఏ వారం ఉండదో తెలియకపోవడం వల్ల. అదే కాగితం మీద ఆగాల్సిన గీత కూడా ఉండాలి. ‘వరుసగా రెండు త్రైమాసికాలు పాత బాకీ తగ్గకపోతే’ అనో, ‘ఇంటి డబ్బు ఇంత దాటి పెట్టాల్సి వస్తే’ అనో. మనసు బాగున్న రోజు రాసుకుని, భాగస్వామి చేత సంతకం పెట్టించండి. గీత దాటకపోతే ఓపిక, దాటాక కూడా కొత్త కారణాలు వెతుకుతుంటే మొండితనం. నాకు తెలిసిన తేడా ఇంతే.

—

ఒక రచయిత్రి:

అవతలి వైపు నుంచి ఒక మాట. నా రెండు పుస్తకాలు ఒక చిన్న సంస్థ వేసింది. వాళ్లకి కష్టం వచ్చింది, మూడేళ్లు రాయల్టీ లేదు. డబ్బు సంగతి అలా ఉంచండి, మూడేళ్లు ఒక్క లెక్క కాగితం రాలేదు. ఎన్ని అమ్ముడయ్యాయో, అసలు అమ్ముతున్నారో లేదో తెలియదు. ఫంక్షన్లలో ఎదురుపడితే వాళ్లు పక్కకి తప్పుకునేవాళ్లు, నాకే సిగ్గేసేది. చివరికి హక్కులు వెనక్కి అడిగాను. ‘ఇన్ని అమ్మాం, మీకు ఇంత ఇవ్వాలి, ఇప్పుడు లేదు, ఫలానా నెల నుంచి కొంచెం కొంచెం ఇస్తాం’ అని ఒక ఉత్తరం రాసి ఉంటే ఉండిపోయేదాన్ని.

మీరు పాత పుస్తకాలు మళ్లీ వేసే ఆలోచనలో ఉంటే ఒప్పందాలు ఒకసారి తీసి చదవండి. ఫలానా కాలం పాటు ప్రతులు దొరక్కపోతే హక్కులు రచయితకి తిరిగి వెళ్తాయనే షరతు చాలావాటిలో ఉంటుంది. మళ్లీ అచ్చేశాక తెలిస్తే ఇద్దరికీ ఇబ్బంది.

—

పాత ప్రూఫు:

అవును, ఇది నేను మర్చిపోయాను. ఇంకోటి, పాత పుస్తకాల ఫైళ్లు ఉన్నాయా అని కూడా చూసుకోండి. మావి సగం పేజ్‌మేకర్ అనే పాత పేజీలు పేర్చే సాఫ్ట్‌వేర్‌లో, పాత ఫాంట్లలో ఉన్నాయి. యూనికోడ్‌లోకి మారిస్తే వత్తులు చెల్లాచెదురయ్యాయి, ఒక పుస్తకంలో పాత్ర పేరే ప్రతి చోటా తప్పు పడింది. మళ్లీ మొత్తం ప్రూఫు చదవాల్సిందే, ‘ఫైలుంది కదా, నొక్కితే వచ్చేస్తుంది’ అనుకుని తేదీలు ప్రకటించకండి. మార్పులేమీ లేకుండా అదే రూపంలో మళ్లీ అచ్చేస్తే ఐఎస్‌బీఎన్ (పుస్తకానికిచ్చే గుర్తింపు సంఖ్య) పాతదే సరిపోతుంది, ఈబుక్ తెస్తే మాత్రం దానికి వేరేది కావాలి.

—

గోదాము తాళం:

మూడు వారాల తర్వాత వస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి. చెప్పినవన్నీ చేయలేదు, కొన్ని చేశాను.

గోదాములో రెండు రోజులు పట్టింది. మాకు ముద్దొచ్చే పుస్తకాలు వేరు, మమ్మల్ని పోషిస్తున్న పుస్తకాలు వేరు అని తేలింది. 41లో 9 పుస్తకాలే దాదాపు మొత్తం డబ్బు తెస్తున్నాయి, అందులో ఆరు పదేళ్లు దాటినవి. ఆ తొమ్మిదిలో రెండు ఆన్‌లైన్‌లో ‘స్టాకు లేదు’ అని చూపిస్తున్నాయి, మా దగ్గరేమో రెండూ కలిపి 400 పైన ఉన్నాయి. ఎప్పట్నుంచి అలా ఉందో అడగకండి. సరిచేయడానికి పావుగంట పట్టింది. ఆ పావుగంట పనికి నాలుగేళ్లుగా తీరిక లేక, కొత్త పుస్తకం ఏది వేస్తే గట్టెక్కుతామా అని రాత్రుళ్లు ఆలోచిస్తున్నాను.

13 వారాల కాగితం గోడకి అంటించాను. ఏడో వారం ఎర్రగా ఉంది. ఇదివరకైతే ఏడో వారంలోనే తెలిసేది, ఈసారి ముందే అచ్చు కొట్టుకి వెళ్లి చెప్పాను. టీ ఏమీ తెప్పించలేదు :) కానీ వాయిదా మొత్తం తగ్గించి రెండు నెలలు పొడిగించారు. వచ్చే పుస్తకం 200 ప్రతులు డిజిటల్‌లో వేస్తున్నాం, ముందస్తు ఆర్డర్లు చూసి ఆపైన.

ఆగాల్సిన గీత దగ్గర మాత్రం మా ఇద్దరికీ గొడవైంది. నేను ఏడాదిన్నర అన్నాను, భాగస్వామి పది నెలలు అన్నారు. చివరికి ఏడాది దగ్గర ఆగాం, సంతకాలు పెట్టుకున్నాం. ఇంట్లో చూపిస్తే ‘ఎన్నాళ్లు’ అన్న ప్రశ్న ఇప్పటికి ఆగింది.

రచయితలందరికీ లెక్కలు పంపాలని కూర్చున్నాను. 17 మంది. ఆరుగురికి పంపాను, ముగ్గురు జవాబిచ్చారు, ఒకాయన బాగా కోప్పడ్డారు, న్యాయమే. మిగతా పదకొండు మందిలో ఒకరు మాకు మొదటి పుస్తకం ఇచ్చిన పెద్దాయన. ఆ ఉత్తరం మొదలుపెట్టి నాలుగుసార్లు కొట్టేశాను. రచయిత్రి గారూ, అంత పాత బాకీ గురించి రాసేటప్పుడు ముందు అంకె చెప్పమంటారా, క్షమాపణ చెప్పమంటారా?

—

ఒక రచయిత్రి:

అంకె. క్షమాపణ ఫోన్ చేసి చెప్పండి.