430 లైన్ల క్వెరీ మెథడ్‌ని ఎక్కడ విడదీయాలి?

ఎంవీపీ_కాలనీ

అందరికీ నమస్కారం. రొయ్యల కోల్డ్ స్టోరేజ్ సాఫ్ట్‌వేర్‌లో స్టాక్ రిపోర్ట్ ఇచ్చే మెథడ్ ఒకటుంది. జావా, జేడీబీసీ (జావా నుంచి డేటాబేస్‌తో మాట్లాడే పద్ధతి), వెనకాల పోస్ట్‌గ్రెస్. 430 లైన్లు. తేదీలు, లాట్ నంబర్, ఛాంబర్, కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు), ఎగుమతిదారు, ఇలా 11 ఫిల్టర్లు. స్ట్రింగ్‌బిల్డర్‌లో ముందు “వేర్ 1=1” (ఎప్పుడూ నిజమయ్యే షరతు) రాసి, ఇఫ్ వచ్చినప్పుడల్లా ఒక ముక్క అతికించుకుంటూ పోతుంది. కింద అవే ఇఫ్‌లు మళ్లీ వస్తాయి, ఈసారి క్వెరీలో విలువల కోసం వదిలిన ప్రశ్న గుర్తుల్లో, ఒక కౌంటర్‌తో లెక్కపెట్టుకుంటూ, విలువలు నింపడానికి. పై వరసకీ కింద వరసకీ తేడా వస్తే కౌంట్ వెళ్లాల్సిన చోటికి ఛాంబర్ నంబర్ వెళ్తుంది. రెండూ అంకెలే కాబట్టి ఎర్రర్ కూడా పడదు.

ఇప్పుడు 12వ ఫిల్టర్ చేర్చాలి. టెస్టులు ఒక్కటీ లేవు. 40 లైన్లకొకటి చొప్పున చిన్న మెథడ్లుగా కోసేస్తే సరిపోతుందా? లేక మొత్తం ఓఆర్ఎమ్‌లోకి (క్వెరీలు తానే రాసిపెట్టే లైబ్రరీ) మార్చేయాలా?

సీతమ్మధార_బ్యాకెండ్

లైన్లు లెక్కపెట్టి కొయ్యకండి. అలా కోస్తే ఒకే స్ట్రింగ్‌బిల్డర్, ఒకే కౌంటర్ పది మెథడ్ల చేతులు మారతాయి. చదవడం ఇంకా కష్టమవుతుంది. ఓఆర్ఎమ్ సంగతి ఇప్పుడు వద్దు. కోడ్ రూపం, క్వెరీ పుట్టే తీరు రెండూ ఒకేసారి మారితే ఫలితం తేడా కొట్టినప్పుడు కారణం ఎటువైపుందో పట్టుకోలేరు.

ముందు ఉన్నది ఉన్నట్టు బిగించండి. 11 ఫిల్టర్లు, ఒక్కోటి ఉండటం లేదా లేకపోవడం: 2,048 కలయికలు. ఎస్‌క్యూఎల్ పాఠం పుట్టడానికి డేటాబేస్ అక్కర్లేదు కాబట్టి అన్నిటినీ ఒక లూప్‌లో నడిపించవచ్చు. దానికోసం మెథడ్‌లో చేయాల్సిన మార్పు ఒక్కటే: కనెక్షన్ తెరిచే లైన్‌కి పైభాగాన్ని వేరే మెథడ్‌గా తీయడం. ప్రతి కలయికకూ వచ్చిన పాఠం, విలువల వరస ఒక ఫైల్‌లో రాసి గిట్‌లో పెట్టండి. ఖాళీలు, కొత్త లైన్లు ఒకే స్పేస్‌కి కుదించండి, లేకపోతే అనవసరమైన తేడాలు చూపిస్తుంది. టెస్టు విలువల్లో ఏ రెండూ ఒకటి కాకూడదు. కౌంట్ 40, ఛాంబర్ 7 అని పెడితే విలువలు తారుమారైన సంగతి వెంటనే బయటపడుతుంది.

తర్వాత, షరతు పాఠాన్నీ దాని విలువనూ విడదీయకుండా ఒకే చిన్న వస్తువుగా కట్టండి. ఫిల్టర్‌కి ఒక మెథడ్; అది ఆ వస్తువును ఇస్తుంది, లేదా ఏమీ ఇవ్వదు. వచ్చినవన్నీ జాబితాలో వేసి “అండ్”తో కలిపితే 1=1 పోతుంది, కౌంటర్ పోతుంది, కింద ఉన్న రెండో ఇఫ్ వరస మొత్తం పోతుంది. ఇక్కడ ఒక చిక్కుంది. జాయిన్‌లో (టేబుళ్లను కలిపే చోట) కూడా ప్రశ్న గుర్తులుంటే వాటి విలువలు వేర్ విలువల కన్నా ముందు రావాలి, హ్యావింగ్‌వి (కూడిన మొత్తాల మీద షరతులు) చివర. ఫిల్టర్లు వచ్చిన వరసలో ఒకే జాబితాలో పడేస్తే మళ్లీ పాత తప్పే. జాయిన్‌కి, వేర్‌కి, హ్యావింగ్‌కి మూడు జాబితాలు పెట్టి చివర్లో ఆ వరసలోనే కలపండి.

ఆర్డర్ బైలో కాలమ్ పేరును ప్రశ్న గుర్తుతో పంపడం కుదరదు. పంపితే అది కాలమ్ కాదు, ఒక విలువ అవుతుంది. ఏ వరసా మారదు. స్క్రీన్ నుంచి వచ్చిన పేరును నేరుగా అతికిస్తే ఇంజెక్షన్‌కి (బయటివాళ్లు క్వెరీలో తమ ముక్క దూర్చడానికి) తలుపు తీసినట్టే. అనుమతించిన పేర్లకు ఒక మ్యాప్ పెట్టి, అందులో లేనిది వస్తే తిరస్కరించండి.

ఛాంబర్ల జాబితా ఖాళీగా వస్తే ఏం చేయాలన్నది కూడా ఇప్పుడే తేల్చుకోండి. పోస్ట్‌గ్రెస్‌లో “ఇన్” తర్వాత ఖాళీ బ్రాకెట్లు పెడితే సింటాక్స్ ఎర్రర్. అందుకని ఫిల్టర్‌నే వదిలేస్తే, ఏ ఛాంబర్ చూసే అనుమతి లేని మనిషికి అన్ని ఛాంబర్లూ కనిపిస్తాయి.

గాజువాక_డీబీఏ

పై జవాబు జావా వైపు సరిగ్గా ఉంది. కానీ 430 లైన్లు అయిందంటే లోపలి క్వెరీలో కూడా తప్పులు పేరుకుని ఉంటాయి. మూడు చోట్ల చూడండి.

మొదటిది మొత్తాలు. ఒక లాట్‌కి రాక ఎంట్రీలు మూడు, పంపకాలు నాలుగు ఉన్నాయనుకోండి. రెండు టేబుళ్లనూ లాట్‌తో నేరుగా జాయిన్ చేస్తే 12 వరసలు వస్తాయి. రాక మొత్తం నాలుగింతలు, పంపకం మొత్తం మూడింతలు అవుతుంది. దీన్ని ఎవరో సమ్ డిస్టింక్ట్‌తో (ఒకే విలువ మళ్లీ వస్తే ఒక్కసారే కూడేది) కప్పి ఉంటారు. అది ఇంకా ప్రమాదం: మూడు రాకలూ 300 కిలోల చొప్పున ఉంటే 900కి బదులు 300 చూపిస్తుంది. రాకను లాట్ వారీగా ముందే కూడండి, పంపకాన్ని వేరేగా కూడండి, ఆ తర్వాత లాట్‌తో కలపండి. రెండు విత్ క్లాజులు (క్వెరీ ముందు పేరు పెట్టి రాసే చిన్న క్వెరీలు) చాలు. పోస్ట్‌గ్రెస్ 12కి ముందు విత్ క్లాజ్ లోపలికి బయటి ఫిల్టర్ దిగేది కాదు, టేబుల్ మొత్తం కూడేది. 12 నుంచి, ఒక్కసారే వాడిన మామూలు విత్ క్లాజ్‌ను ప్లానర్ (క్వెరీ నడిపే దారి ఎంచుకునే భాగం) బయటి క్వెరీలో కలిపేసుకుంటుంది. మీ వర్షన్ చూసుకోండి.

రెండోది లెఫ్ట్ జాయిన్ (జత దొరకని వరసలను కూడా ఉంచే జాయిన్). ఎగుమతిదారు ఇంకా ఖరారు కాని లాట్లు కూడా రావాలని లెఫ్ట్ జాయిన్ పెట్టి, ఎగుమతిదారు మీద షరతును వేర్‌లో రాస్తే అది మామూలు జాయిన్ అయిపోతుంది. ఆ లాట్లు మాయం. అది ఉద్దేశం కాకపోతే షరతు ఆన్‌లోకి వెళ్లాలి. పంపకం కాని లాట్లకు నాట్ ఇన్ వాడి ఉంటే నాట్ ఎగ్జిస్ట్స్‌కి మార్చండి. లోపలి క్వెరీలో ఒక్క లాట్ ఐడీ నల్ (విలువే లేకపోవడం) అయినా నాట్ ఇన్ ఒక్క వరస కూడా ఇవ్వదు.

మూడోది తేదీ, మన విశాఖలో ఇది తప్పక చూడాల్సిన విషయం. టైమ్‌స్టాంప్ యూటీసీలో (అంతర్జాతీయ ప్రామాణిక సమయం) ఉంటే మనకు 5:30 గంటల తేడా. ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజామున నాలుగింటికి దిగిన సరుకు యూటీసీలో ముందు రోజు రాత్రి 10:30. తేదీని యూటీసీ కాలమ్ నుంచి కత్తిరిస్తే ఆ సరుకంతా నిన్నటి ఖాతాలో పడుతుంది. జూన్ 10 అంటే జూన్ 9 సాయంత్రం 18:30 యూటీసీ నుంచి జూన్ 10 సాయంత్రం 18:30 లోపు. మొదలుకు >=, చివరకు < వాడండి. బిట్వీన్ వాడితే రెండు హద్దులూ కలిసిపోతాయి. కాలమ్‌ను డేట్ ఫంక్షన్‌లో చుట్టొద్దు, దానిమీద మామూలు ఇండెక్స్ ఉన్నా పనికిరాదు.

ఎంవీపీ_కాలనీ

సమ్ డిస్టింక్ట్ నిజంగానే రెండు చోట్ల ఉంది. ఇంకో ప్రశ్న. ఇన్ని ఫిల్టర్ ముక్కలు కూర్చే బదులు, “విలువ నల్ అయితే వదిలెయ్, లేకపోతే సరిపోల్చు” అని ప్రతి ఫిల్టర్‌కీ రాసి ఒకే స్థిరమైన క్వెరీగా పెడితే కోడ్ చాలా చిన్నదవుతుంది కదా?

గాజువాక_డీబీఏ

కోడ్ చిన్నదవుతుంది, ప్లాన్ పాడవుతుంది. ఒకే ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్‌ని (ప్రశ్న గుర్తులతో ముందే సిద్ధం చేసిన క్వెరీ) పోస్ట్‌గ్రెస్ మొదటి ఐదు సార్లు విలువలు చూసి ప్లాన్ చేస్తుంది. ఆ తర్వాత, ఖర్చు అంచనా పెద్దగా తేడా లేదనిపిస్తే, విలువలు చూడని సాధారణ ప్లాన్‌కి మారవచ్చు. 11 “నల్ లేదా సమానం” షరతులున్న సాధారణ ప్లాన్‌కి ఏ ఫిల్టర్ పనిచేస్తుందో తెలీదు, టేబుల్ మొత్తం చదవడమే మిగులుతుంది. మొదట్లో చురుగ్గా ఉండి కాసేపటికి నెమ్మదించే రిపోర్టుల్లో ఇది ముందు అనుమానించాల్సిన కారణం. ముక్కలు కూర్చడమే మంచిది.

మధురవాడ_ఏపీఐ

విడదీసేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. క్వెరీ కూర్పును విడదీయండి, డేటాబేస్ దగ్గరికి వెళ్లడాన్ని కాదు. “లాట్ రాక తెచ్చు”, “లాట్ పంపకం తెచ్చు” అని చక్కటి పేర్లతో మెథడ్లు రాసి లూప్‌లో పిలిస్తే 500 లాట్లకు మొదటిదానితో కలిపి 1,001 క్వెరీలు. ఒక్కో మెథడ్ తన కనెక్షన్ తానే తెరిస్తే మరీ కష్టం: ఒక రిక్వెస్ట్ మొదటి కనెక్షన్ పట్టుకునే రెండోది అడుగుతుంది. హికారీ పూల్‌లో (కనెక్షన్లు సిద్ధంగా ఉంచే లైబ్రరీ) డిఫాల్ట్‌గా కనెక్షన్లు పదే. పది రిక్వెస్టులు ఒకేసారి వస్తే అన్నీ ఒకదానికోసం ఒకటి ఎదురుచూస్తూ ఆగిపోతాయి.

ఫలితం చదివే భాగాన్నీ బయటికి తీయండి. కాలమ్ నంబర్‌తో కాకుండా పేరుతో చదవండి. జేడీబీసీలో అంకె చదివే గెట్‌ఇంట్ నల్‌ని సున్నాగా ఇస్తుంది. తూకం వేయని లాట్, ఖాళీ లాట్ రెండూ రిపోర్టులో 0 కిలోలే అవుతాయి.

సీతమ్మధార_బ్యాకెండ్

గాజువాక గారు చెప్పిన సవరణలను నేను చెప్పిన మార్పులతో ఒకే కమిట్‌లో కలపకండి. మొదటి విడతలో పాఠం ఫైల్ ఒక్క అక్షరం కూడా మారకూడదు, తప్పు క్వెరీ అయినా సరే. 1=1 తీసినప్పుడు మాత్రం ఫైల్ మారుతుంది; ఆ తేడా ఒక్కటే ఉందని చూసి కొత్త ఫైల్ పెట్టుకోండి. రెండో విడతలో క్వెరీయే మారుతుంది కాబట్టి ఫలితాలు పోల్చాలి: ఎక్సెప్ట్ ఆల్‌తో పాతదానిలోంచి కొత్తదాని వరసలు తీసేయండి, మళ్లీ కొత్తదానిలోంచి పాతదానివి. ఒట్టి ఎక్సెప్ట్ వాడితే ఒకే వరస రెండుసార్లు వచ్చిన తేడా కనిపించదు. మొత్తాలు సరిచేసిన కమిట్‌లో తేడాలు వస్తాయి, రావాలి కూడా. ఆ లాట్లు ఒక్కొక్కటీ తీసి రాక రిజిస్టర్‌తో సరిచూసుకోండి. 12వ ఫిల్టర్ ఆ తర్వాతే.